అమెరికాలో చిన్న ఊళ్లో ఇల్లు కొంటామంటే పిల్లలకు అడ్డుపడకండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో రోజూ వెంచర్ల ప్రకటనలు వస్తుంటాయి, రామాయపట్నం పోర్టుకు ఇంత దూరం, హైవేకి ఇంత దూరం, ఎన్‌ఆర్‌ఐలకు మంచి అవకాశం అని. అవి చూసి అమెరికాలో ఉన్న పిల్లలకు ఫోన్లు చేసే తండ్రుల్లో నేనూ ఒకణ్ణి. మాది కావలి. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అందులో తొమ్మిదేళ్లు ఇళ్ల లోన్లే చూశాను. మా అమ్మాయి అక్కడ ఇల్లు కొనుక్కుంటానన్నప్పుడు నేను వద్దన్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు నాకు లెక్కలతో సహా తెలుసు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాలాంటి వాళ్లు ఇప్పటికీ పిల్లలకు అదే చెప్తున్నారు, పొద్దున వాకింగ్‌లో వింటూనే ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, వీలైతే మొత్తం వేయండి.

మా అమ్మాయి, అల్లుడు ఉండేది ఇల్లినాయిస్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే ఊళ్లో. దాన్ని ఆనుకునే నార్మల్ అని ఇంకో ఊరుంది, చీరాల పేరాల మాదిరి రెండూ కలిసిపోయి ఉంటాయి. 2020 జనాభా లెక్కల్లో బ్లూమింగ్టన్ 78 వేల పైచిలుకు, నార్మల్ 52 వేల పైచిలుకు, అంటే రెండూ కలిపినా మన కావలి కంటే కొంచెం పెద్ద ఊరు, అంతే. చికాగో నుంచి కారులో రెండు గంటల పైన పడుతుంది. చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు, కొండ అనేదే కనిపించదు. ఇలాంటి ఊళ్లో మనవాళ్లకు ఉద్యోగాలేమిటని నేనూ అనుకున్నాను. స్టేట్ ఫార్మ్ అనే పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది, 1922లో ఒక రైతు మొదలుపెట్టిన కంపెనీ అది. దాని కంప్యూటర్ పనుల్లో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. నార్మల్‌లో రివియన్ ఎలక్ట్రిక్ బండ్ల ఫ్యాక్టరీ ఉంది, యూనివర్సిటీ ఉంది. గుడి కూడా ఉంది. 

2020 చివర్లో అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, నెలకు 1,100 డాలర్లు అద్దె కడుతున్నాం, ఇక్కడ 1,85,000 డాలర్లలో మూడు బెడ్‌రూముల ఇల్లు ఒకటి వచ్చింది, వడ్డీ 3 శాతమే అంటున్నారు, పన్ను, ఇన్సూరెన్స్ కలుపుకున్నా కంతు మా అద్దెకు సమానంగా వస్తుంది, తీసుకుంటే ఎలా ఉంటుంది" అని అడిగింది. నేను వెంటనే చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుంది. గ్రీన్ కార్డు లేదు, చెక్క ఇల్లు, పల్లెటూరు లాంటి ఊరు, రేపు అమ్ముదామంటే ఎవరు కొంటారమ్మా, డాలస్ పోయే ఆలోచన చెయ్యండి, లేదంటే ఆ డబ్బు ఇక్కడికి పంపండి, పోర్టు వస్తోంది, అంకణం రేటు ఎక్కడికో పోతుంది అన్నాను (మా వైపు స్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం). అల్లుడు మంచివాడు, "మామయ్య బ్యాంకులో చేశారు కదా, ఆయనకు తెలియనిదా" అన్నాడట. పంపించారు.

2021లో ఆ డబ్బుకు కొంత నా రిటైర్మెంట్ డబ్బు కలిపి హైవేకి దగ్గర్లో 40 అంకణాల ప్లాటు తీసుకున్నాను. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే కాగితం, తెప్పించి చూశాను, లింకు డాక్యుమెంట్లు చూశాను, లేఅవుట్ అప్రూవల్ ఎల్పీ నంబరు మాత్రం రెండు నెలల్లో వస్తుందని వెంచర్ వాళ్లు చెప్తే నమ్మాను. ఇంకొకరి ఫైలైతే నేనే ఆ ఒక్క కారణంతో లోన్ ఆపేసేవాణ్ణి. ఆ నంబరు ఈ రోజుకీ రాలేదు. లేఅవుట్‌లో ముప్పై అడుగుల రోడ్డని గీసింది వాగు పోరంబోకు మీదుగా పోతుందని తర్వాత తేలింది. రాళ్లు పాతారు, కంప చెట్లు మొలిచాయి, అమ్మిన మనిషి ఫోన్ ఎత్తడు. దీని గురించి ఇంతకన్నా రాయను, ఇలాంటి కథలు ఈ జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

వడ్డీ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా అసలు తప్పు అక్కడుంది. మన దగ్గర ఇంటి లోన్ వడ్డీ మారుతూ ఉంటుంది, 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు దాన్ని రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాయి, రెపో పెరిగితే మన కంతు కూడా పెరుగుతుంది, లేదా గడువు సాగుతుంది. అమెరికాలో మామూలుగా తీసుకునేది ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ లోన్. సంతకం పెట్టిన రోజు ఎంత వడ్డీ ఉందో ముప్పై ఏళ్ల తర్వాత ఆఖరి కంతు దాకా అంతే. బయట వడ్డీలు తగ్గితే ఖర్చులు పెట్టుకుని లోన్ మార్చుకోవచ్చు, పెరిగితే మనకు సంబంధం లేదు. ఇలాంటి లోన్ మన బ్యాంకుల్లో నేను ఒక్కసారి కూడా ఇవ్వలేదు, కాబట్టి దాని విలువ నా బుర్రకెక్కలేదు. అక్కడ ఆ ముప్పై ఏళ్ల లోన్ సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, అంత తక్కువ అంతకు ముందు ఎప్పుడూ లేదు. 2023 అక్టోబర్‌కు అదే 7.79 శాతానికి పోయింది.

మావాళ్లు చివరికి 2024లో కొన్నారు. అదే ఊరు, దాదాపు అలాంటి ఇల్లే, ఈసారి ధర 2,50,000 డాలర్లు, వడ్డీ 7 శాతం. అయిదో వంతు చేతి నుంచి పెట్టి 2,00,000 లోన్ తీసుకున్నారు, అసలు వడ్డీ కలిపి నెలకు 1,331 డాలర్లు. నేను అడ్డుపడకపోయి ఉంటే 1,85,000 ఇంటికి అయిదో వంతు పోను 1,48,000 లోన్, 3 శాతం మీద కంతు 624 డాలర్లు పడేది. నెలకు 700 డాలర్ల పైన తేడా. మధ్యలో మూడున్నరేళ్లు కట్టిన అద్దె 46 వేల డాలర్లు వేరే. ఇది నేను కాగితం మీద వేసుకుని చూసుకున్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మాయి ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ.

రేపు ఇంకెవరో "వడ్డీ ఎక్కువగా ఉంది కదా, ఇప్పుడూ వద్దు" అంటారని తెలుసు. ఎప్పుడు కొనాలో చెప్పడం నా పని కాదు. 2020లో నేను అసలు ఈ లెక్క వెయ్యనే లేదు, డాలర్లను రూపాయల్లోకి మార్చి "కోటీ ముప్పై లక్షల పైన పెట్టి చెక్క ఇల్లా" అని భయపడ్డాను, అంతే. జీతం డాలర్లలో వస్తోంది, అద్దె డాలర్లలో పోతోంది, ఇంటి ధర ఒక్కటే రూపాయల్లో ఎందుకు చూశానో నాకే తెలియదు. మా బావమరిది కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొన్న ఇల్లు అయిదున్నర లక్షల డాలర్లు. వాళ్లిద్దరి జీతాలూ కలిపినా మా అమ్మాయి వాళ్ల కంటే పెద్ద ఎక్కువేం లేదు. కానీ చుట్టాల్లో అందరూ డాలస్ అంటే గొప్పగా చూస్తారు, బ్లూమింగ్టన్ అంటే అదెక్కడ అంటారు.

ఇక ఇల్లు కొనే పద్ధతి. దీని గురించి మన జిల్లాలో అందరూ తెలుసుకోవాలి. మావాళ్లు ముందు ఒక ఇల్లు చూసి ఆఫర్ పెట్టారు, 2,000 డాలర్లు అడ్వాన్స్ కట్టారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకున్నారు, ఆయన ఫీజు కొనేవాళ్లే ఇస్తారు. ఆయన మూడు గంటలు ఇల్లంతా తిరిగి, కప్పు ఎక్కి, అటకలోకి పాకి, కిందికి దిగి, ఫొటోలతో యాభై పేజీల పైన రిపోర్టు పంపాడు. అమ్మాయి నాకూ పంపింది. బ్యాంకులో మా ప్యానెల్ ఇంజనీర్లు ఇచ్చిన వాల్యుయేషన్ రిపోర్టులు వందలు చూశాను, రెండు మూడు పేజీలు ఉండేవి, ఇంటి ముందు నిలబడి తీసిన ఫొటో ఒకటి. ఇందులో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ వయసు ఇరవై రెండేళ్లు అని ఉంది, ఏ కిటికీ సరిగ్గా మూసుకోదో ఉంది, ఏ స్విచ్‌బోర్డుకు ఎర్త్ లేదో ఉంది. బేస్‌మెంట్, అంటే ఇంటి కింద నేలలో ఉండే గది, దాని గోడ ఒకటి లోపలికి ఉబ్బిందని, గోడ కింద తడి మరకలున్నాయని, స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించుకోమని రాశాడు. అమ్మేవాళ్లను బాగు చేయించమంటే ఒప్పుకోలేదు. మావాళ్లు వద్దనుకున్నారు. ఇన్‌స్పెక్షన్ నచ్చకపోతే వెనక్కి తగ్గవచ్చని అగ్రిమెంట్‌లోనే ఉంటుంది, గడువు లోపల చెప్పారు కాబట్టి 2,000 డాలర్లూ తిరిగి వచ్చేశాయి. ఇక్కడ అడ్వాన్స్ ఇచ్చి కొననంటే ఏమవుతుందో మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

రెండో ఇల్లు కుదిరింది. అక్కడ కూడా ఒకటి తేలింది, రేడాన్. నాకు ఈ పేరే కొత్త. నేలలోని యురేనియం అరిగిపోతూ పుట్టే వాయువట, వాసన ఉండదు, రంగు ఉండదు, పునాది పగుళ్లలోంచి బేస్‌మెంట్‌లోకి చేరుతుంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెద్ద కారణం అదేనని అక్కడి పర్యావరణ సంస్థ చెప్తుంది. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు (రేడియేషన్ కొలత అది) ఉన్నా, దాటినా సరిచేసుకోమంటారు, ఈ ఇంట్లో 6 దాటింది. అమ్మేవాళ్లే తమ ఖర్చుతో నేల అడుగు నుంచి కప్పు పైదాకా ఒక గొట్టం వేయించి, ఆ గాలిని బయటికి లాగే ఫ్యాన్ పెట్టించారు. ఇల్లినాయిస్‌లో ఇల్లు అమ్మేవాడు తనకు తెలిసిన లోపాలన్నీ ఒక ఫారంలో రాసి సంతకం పెట్టి ఇవ్వాలని చట్టముంది. బేస్‌మెంట్‌లో ఎప్పుడైనా నీళ్లొచ్చాయా, కప్పు కారిందా, పునాదిలో పగుళ్లున్నాయా, ఇలా ఒక్కొక్కటీ అడుగుతుంది. రేడాన్‌కు వేరే ఫారం. బోరులో నీళ్లు పడలేదని, పక్కవాడితో హద్దు తగాదా ఉందని మన దగ్గర ఎవరు రాసిస్తారు చెప్పండి.

మేమిద్దరం 2024 సెప్టెంబర్‌లో వెళ్లి ఫిబ్రవరిలో తిరిగొచ్చాం. ఆ బేస్‌మెంట్ చూసేదాకా నాకు అర్థం కాలేదు, ఇంటి కింద ఇంకో ఇల్లంత గది ఎందుకని. చలికాలంలో అక్కడ నేల పైనుంచి కిందికి గడ్డకట్టుకుంటూ పోతుంది, గడ్డకట్టిన మట్టి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది, అందుకని ఆ చలి దిగని లోతు దాకా పునాది తీయాలి. అంత లోతు ఎలాగూ తీస్తున్నారు కాబట్టి దాన్నే గదిగా మార్చుకున్నారు. సుడిగాలి వస్తే ప్రాణం కాపాడుకునే చోటు కూడా అదే. నెలలో మొదటి మంగళవారం పొద్దున పదింటికి ఊళ్లో సైరన్లు పరీక్షగా మోగిస్తారు, మా ఆవిడ మొదటిసారి విని నిజంగానే కిందికి పరిగెత్తింది.

పక్కింట్లో ఒక పెద్దాయన, డెబ్బై ఎనిమిదేళ్లు, వ్యవసాయం కొడుక్కు అప్పజెప్పి ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. నా ఇంగ్లీషు ఆయనకు, ఆయన మాట నాకు సగం సగం అర్థమయ్యేది, అయినా సాయంత్రాలు బాగా మాట్లాడుకునేవాళ్లం. మీ వైపు ఏం పండిస్తారని అడిగాడు. వరి, పొగాకు, శనగ, మిరప అని చెప్పాను, పొగాకు బ్యారన్‌లో ఆకు ఎలా కాలుస్తారో బొమ్మ వేసి చూపించాను. ఆయన నాకు చెప్పిన సంగతి ఒకటి చాలా విలువైనది. ఆ చుట్టుపక్కల నల్ల నేలంతా ఒకప్పుడు చిత్తడి అట, రైతులు 19వ శతాబ్దంలో మట్టి గొట్టాలు చేను కింద పాతి నీళ్లు బయటికి పంపితే గానీ సాగులోకి రాలేదట. నేల బల్లపరుపు, నీళ్లు కదలవు. అందుకే దాదాపు ప్రతి బేస్‌మెంట్‌లోనూ మూలన ఒక గుంట, అందులో సంప్ పంపు అని మోటారు ఉంటుంది, గుంటలోకి నీళ్లు ఊరగానే దానంతట అదే ఆన్ అయి బయటికి తోడుతుంది. కరెంటు పోతే పనిచేసేలా బ్యాటరీ పెట్టించుకోమని ఆయనే మా అల్లుడికి చెప్పాడు. మన ప్రకాశం జిల్లా నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు ఇది కొత్త కాదు, తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారే నేలలో గోడలు ఏమవుతాయో మనకు తెలుసు. మొదటి ఇంట్లో గోడ ఎందుకు ఉబ్బిందో నాకు ఆ సాయంత్రం అర్థమైంది. దేశం ఏదైనా ఇల్లు కొనేవాడు ముందు మట్టిని, నీళ్లను అడగాలి. మా అల్లుడు పాలరాయి లాంటి వంటగది అరుగు చూసి మొదటి ఇంటిని ఇష్టపడ్డాడు.

చెక్క ఇల్లు అని నేను చులకన చేశాను కదా. ఆ గోడల లోపల చెక్క చట్రం, చట్రం మధ్య దూదిలాంటి పదార్థం కూరి ఉంటుంది. జనవరిలో బయట మైనస్ 15 దాటింది, లోపల నేను బనియన్‌తో తిరిగాను. మన రోహిణి కార్తెలో కాంక్రీటు స్లాబ్ ఇంట్లో మిద్దె మీద గది ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి, ఆ చలికి మన లాంటి ఇల్లు కడితే లోపల ఉండలేమని ఒప్పుకోక తప్పలేదు. కాకపోతే పైకప్పు ఇరవై పాతికేళ్లకు మార్చాలి, ఫర్నేస్ కూడా అంతే, ఆ డబ్బు పక్కన పెట్టుకుంటూ పోవాలి. మనం ఒకసారి స్లాబ్ వేసి మరిచిపోతాం, అక్కడ అలా కుదరదు.

డాక్యుమెంట్ల పని నాకు మరీ నచ్చింది. టైటిల్ కంపెనీ పాత రికార్డులన్నీ వెతికి, రేపు ఎవరైనా హక్కు ఉందని వస్తే నష్టం మాది అని ఇన్సూరెన్స్ ఇస్తుంది. మన దగ్గర ఈసీ తీస్తాం, లాయరు లీగల్ ఒపీనియన్ ఇస్తాడు, తప్పు తేలితే కోర్టు చుట్టూ తిరిగేది కొన్నవాడు. లోన్ ఇచ్చేవాళ్లు ఆఖరి లెక్క కాగితం సంతకాలకు మూడు పని దినాల ముందే చేతికి ఇవ్వాలి, ఒక్కో డాలరు ఎక్కడికి పోతుందో అందులో ఉంటుంది. ఇల్లు ఎంతకు అమ్ముడైందో కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. కాగితం మీద సర్కారు విలువ ఒకటి, చేతిలో పెట్టేది ఇంకొకటి అనే మాటే లేదు. మావాళ్లు కట్టిన ధర, ఆ ఇంటికి అంతకుముందు ఎవరు ఎంత కట్టారన్నది నేను కావలిలో కూర్చుని ఫోన్‌లో చూశాను.

కష్టాలు కూడా చెప్పాలి, లేకపోతే నేను మళ్లీ సగం సలహా ఇచ్చినవాణ్ణవుతాను. ఇంటి పన్ను ఇల్లినాయిస్‌లో చాలా ఎక్కువ. మావాళ్ల కౌంటీలో మార్కెట్ విలువలో మూడో వంతు లెక్కలోకి తీసుకుని, సొంతంగా ఉంటున్న ఇంటికి అందులో 6,000 తగ్గించి, మిగిలినదాని మీద పన్ను వేస్తారు. మావాళ్లకు ఏడాదికి 6,000 డాలర్ల పైన పడుతోంది. కావలిలో నా ఇంటికి కట్టేది చెప్తే అల్లుడు నమ్మలేదు. ఆ పన్నులో పెద్ద వాటా బళ్లకే పోతుంది, మనవరాలు చదివే ప్రభుత్వ బడి, దాని లైబ్రరీ, దాని బస్సు ఆ డబ్బుతోనే నడుస్తాయి, ఇక్కడ మనం కార్పొరేట్ స్కూలుకు కట్టే ఫీజు గుర్తు చేసుకుంటే లెక్క కొంచెం మారుతుంది. పోయిన ఏడాది పన్ను ఈ ఏడాది కడతారు, కాబట్టి అమ్మినవాళ్ల వాటా కొనేటప్పుడే తగ్గించుకున్నారో లేదో చూసుకోవాలి. అసలు వడ్డీ, పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే మావాళ్లకు నెలకు రెండు వేల డాలర్లకు కొంచెం తక్కువ. ఇల్లు అమ్మాలంటే ఏజెంట్ల కమీషన్, ఖర్చులు ఉంటాయి, అందువల్ల నాలుగైదేళ్లయినా ఆ ఊళ్లో ఉండేవాళ్లే కొనాలని నా అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ వీసా. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లు ఇల్లు కొనకూడదని చట్టం ఎక్కడా లేదు, మన ఊళ్లో చాలామంది అలా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ప్రభుత్వ హామీతో తక్కువ డబ్బు కట్టి తీసుకునే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ మాత్రం 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్లకు ఆపేశారు, మామూలు లోన్ తీసుకోవచ్చు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా దేశం వదలాలి. చిన్న ఊళ్లో ఆ అరవై రోజులు ఇంకా భయంగా ఉంటాయి, ఎందుకంటే ఉద్యోగాలిచ్చే పెద్ద కంపెనీలు ఒకటో రెండో. రివియన్ ఇప్పుడున్న చోట అంతకుముందు మిత్సుబిషి కార్ల ఫ్యాక్టరీ ఉండేది, 2015లో అది మూతపడింది, ఊరంతా దిగులు పడిందని పక్కింటి పెద్దాయన చెప్పాడు. 2017లో రివియన్ కొనుక్కుంది కాబట్టి సరిపోయింది. గ్రీన్ కార్డులు ఒక్కో దేశానికి ఏడాదిలో 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మన పిల్లలు ఏళ్ల తరబడి వరుసలో నిలబడి ఉన్నారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చాక మూడేసి ఏళ్లు వీసా పొడిగిస్తారు, అది వచ్చాక కొనడం మేలు, మావాళ్లు కూడా అప్పుడే కొన్నారు. ఆరు నెలల కంతులకు సరిపడా డబ్బు చేతిలో లేకుండా కొనమని నేను ఎవరికీ చెప్పను. పరిస్థితి బాగోక వచ్చేయాల్సి వస్తే ఇల్లు అద్దెకిచ్చి రావచ్చు, యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి అద్దెకు మనుషులు దొరుకుతారు.

కానీ ఒక్క మాట అడుగుతాను. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగండి అని మనం సులువుగా అంటాం, మా మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఆ కార్డు వచ్చేసరికి అది కాలేజీలో ఉంటుందేమో. అప్పటిదాకా ఆ బిడ్డ గోడకు మేకు కొట్టకూడని అపార్ట్‌మెంట్‌లో పెరగాలా. ఈ ఇంటికి వచ్చాక పెరట్లో తనకంటూ ఒక మడి చేసుకుంది, టమాటా, బెండ, గోంగూర వేసింది. ఎండాకాలంలో గోంగూర అక్కడ నడుం ఎత్తు పెరుగుతుంది, ఆ నల్ల మట్టి అలాంటిది. కరివేపాకు మొక్క మాత్రం కుండీలో, చలి మొదలు కాగానే లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెడతారు. మా ఆవిడ రోజూ దానికి దణ్ణం పెట్టినట్టు చూసుకునేది.

పెద్దవాళ్లకు అక్కడ తోచదన్నది నిజం. బస్సులున్నాయి కానీ ఎక్కువ లేవు, కారు తోలడం రాకపోతే ఇంట్లోనే. నాకు కాన్‌స్టిట్యూషన్ ట్రైల్ అనే నడకదారి దొరికింది, ఎత్తేసిన రైలు పట్టాల దారిని నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం మార్చారు, రెండు ఊళ్ల మధ్యగా పోతుంది. చెట్ల కింద ఎంత దూరం నడిచినా హారన్ మోత వినపడదు. మంచు పడ్డ రోజు ఆ పెద్దాయన తన మిషన్‌తో మా ఇంటి ముందు కూడా తీసేసి పోయేవాడు, అల్లుడు వెళ్లి గడ్డి కోసి పెట్టేవాడు. డాలస్‌లో బావమరిది కొడుక్కి ఆఫీసుకు పోను గంట, రాను గంట. మా అమ్మాయి పన్నెండు నిమిషాల్లో ఇంటికొస్తుంది, సాయంత్రం ఆరింటికి అందరూ కలిసి భోజనం చేస్తారు. ఇల్లు పెద్దదా చిన్నదా అన్నదానికంటే నాకు ఇది పెద్దగా కనిపించింది.

మొన్న వాకింగ్‌లో ఒక స్నేహితుడు, టీచరుగా రిటైరయ్యాడు, వాళ్లబ్బాయి అయోవాలో సీడర్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో ఇల్లు చూస్తున్నాడని, తాను వద్దన్నానని, ఆ డబ్బుతో ఉలవపాడు దగ్గర ప్లాటు చూస్తున్నానని చెప్పాడు. నేను 2020లో అన్న మాటలే, ఒక్క అక్షరం తేడా లేదు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి మా అమ్మాయి పంపిన యాభై పేజీల రిపోర్టు, నా ప్లాటు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను. కంతు లెక్క వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అబ్బాయిని ఏం అడగమంటావు అన్నాడు. వడ్డీ స్థిరమా కాదా, పన్ను ఎంత, ఇన్‌స్పెక్షన్ అయిందా, బేస్‌మెంట్‌లో నీళ్లొస్తాయా, ఉద్యోగం పోతే ఎన్ని నెలలు లాగగలరు, ఈ అయిదూ అడుగు, మిగతాది వాళ్లకే వదిలెయ్యి అన్నాను. పక్క రోజు కనిపించి, అడిగానని, వాడు చాలా సంతోషపడ్డాడని చెప్పాడు, నాన్న ఇంటి గురించి ఇంత వివరంగా అడగడం ఇదే మొదటిసారని అన్నాడట.

సంపాదకులకు నా విన్నపం ఒకటుంది. వెంచర్ ప్రకటన వేసేటప్పుడు ఎల్పీ నంబరు కనపడేంత అక్షరాల్లో ఉండాలని మీరు పట్టుబట్టండి, నంబరు లేని ప్రకటన వేయకండి. అది చూసి డబ్బు పంపేది ఎక్కడో మంచులో కారు తుడుచుకుంటున్న మన పిల్లలే. 

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా